గ్రిఫిన్ల జంటను గోడకెక్కిద్దాం

తలుపు పైన మూడడుగుల వెడల్పు, ఒక అడుగు ఎత్తు ఖాళీ జాగా ఉంటే చాలు, అక్కడ ఒక జత గ్రిఫిన్లను కూర్చోబెట్టవచ్చు. గద్ద తల, నిక్కబొడుచుకున్న చెవులు, పెద్ద రెక్కలు, సింహం ఒళ్లు కలిస్తే గ్రిఫిన్. 18వ శతాబ్దంలో యూరప్‌లో నియోక్లాసికల్ పద్ధతిలో, అంటే ప్రాచీన గ్రీకు, రోమన్ కళ తరహాలో, గోడలకు రంగులద్దినవాళ్లకు బాగా నచ్చిన మృగాల్లో ఇదొకటి. మనం దీన్ని రంగురంగులుగా వేయబోవడం లేదు. రాతి మీద చెక్కిన బొమ్మలా కనిపించేట్టు ఒకే రంగులో నాలుగు ఛాయలతో వేస్తాం. ఇదివరకు కుంచె పట్టనివాళ్లకు ఈ పద్ధతే తేలిక. రంగుల పొంతన గురించి బుర్ర బద్దలు కొట్టుకునే పని ఉండదు, వెలుగునీడలు సరిగ్గా వేస్తే చాలు.

ముందు జంతువును ఎంచుకుందాం

చాలామంది ఈ పనిని దాటేసి నేరుగా రంగు డబ్బా మూత తీస్తారు. మనం అలా చేయొద్దు. ఈ శైలిలో జంతువును ఊరికే అందం కోసం పెట్టరు. అది ఎవరి జంతువో, ఏ గదిలో ఉండాలో తేల్చుకున్నాకే గీత మొదలవుతుంది.

ఈ జంతువులు ఎక్కడి నుంచి వచ్చాయో ముందు చూద్దాం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పూడ్చేసిన రెండు రోమన్ పట్టణాలను 18వ శతాబ్దంలో తవ్వడం మొదలుపెట్టారు. 1738లో హెర్క్యులేనియం, 1748లో పాంపే. గోడల మీద రంగులు వెలిసిపోకుండా బయటపడ్డాయి. 1757 నుంచి నేపుల్స్‌లో ఆ చిత్రాల నకళ్లు పెద్ద సంపుటాలుగా అచ్చయి యూరప్ అంతా తిరిగాయి. అంతకుముందే రోమ్‌లో నీరో చక్రవర్తి బంగారు మహల్ శిథిలాల్లోకి దిగి అక్కడి చిత్రవిచిత్ర మృగాలను చూసొచ్చిన చిత్రకారుడు రఫాయేల్ బృందం, వాటి తరహాలో వాటికన్ వసారాల గోడలను నింపింది. ఈ సామగ్రినంతా బ్రిటన్‌లో రాబర్ట్ ఆడమ్, ఫ్రాన్స్‌లో పెర్సియే, ఫాంటేన్ లాంటి వాస్తుశిల్పులు తమ కాలపు గదుల్లోకి తెచ్చారు.

మన దేవుళ్లకు వాహనాలున్నట్టే రోమన్ దేవతలకూ తమ తమ జంతువులున్నాయి. జూపిటర్‌కు గద్ద, ఆయన భార్య జూనోకు నెమలి, చదువుల తల్లి మినర్వాకు గుడ్లగూబ, ప్రేమదేవత వీనస్‌కు పావురం, హంస. మద్యానికి దేవుడైన బాకస్ బండిని చిరుతపులులు లాగుతాయి. సముద్రుడు నెప్ట్యూన్ వెంట డాల్ఫిన్లు, చేపతోక గుర్రాలు ఉంటాయి. సీతాకోకచిలుక కనిపిస్తే అది ఆత్మకు గుర్తు. దీన్నిబట్టి భోజనాల గదికి ద్రాక్షతీగలతో చిరుతలు, పడకగదికి పావురాలో హంసలో, స్నానాలగదికి డాల్ఫిన్లు. పొట్టేలు తలలు, పూలదండ మోస్తున్న ఎద్దు పుర్రెలు కూడా ఈ శైలిలో తరచూ కనిపిస్తాయి. అవి బలిపీఠాల నుంచి వచ్చినవి. పుస్తకంలో చూసి ముచ్చటపడి అన్నం తినే గదిలో పెట్టుకునే ముందు ఒకసారి ఆలోచించుకోండి.

రాజకీయం కూడా ఇందులో దూరింది. నెపోలియన్ గద్దనూ తేనెటీగనూ తన గుర్తులుగా చేసుకున్నాడు. ఆయన భార్య జోసెఫీన్ హంసను ఇష్టపడింది. 1812లో మాల్మేజోఁ భవనంలో ఆమె పడకగదికి చేసిన మంచం మీద బంగారు పూత హంసలున్నాయి. ఆవిడ తన తోటలో ఆస్ట్రేలియా నల్ల హంసలను కూడా పెంచింది. గద్ద విషయంలో నా అభిప్రాయం చెప్పాలంటే, మామూలు ఇంటి గోడకు అది మరీ దర్బారు సరుకు.

గ్రిఫిన్ సంగతికొద్దాం. ఎక్కడో ఉత్తరాన బంగారాన్ని కాపలా కాసే మృగమని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కాలానికే దానికి పేరుంది. అపోలోకు ప్రీతిపాత్రమైనది కూడా. అపోలో అంటే వెలుగు, సంగీతం, కవిత్వం. అందుకే చదువుకునే గదికి, పుస్తకాల గదికి, గుమ్మం పైకి గ్రిఫిన్ చక్కగా అతుకుతుంది. రెండింటి నడుమ ఏం పెట్టాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరికింది. అపోలో చేతిలోని లైర్ అనే చిన్న తీగవాద్యం పెడదాం. రోమ్‌లో క్రీ.శ. 141 నాటి ఆంటోనైనస్, ఫౌస్టీనా గుడి పక్కగోడల పైన ఎదురెదురు గ్రిఫిన్ల రాతి పట్టీ ఇప్పటికీ ఉంది. మనం వేసేది ఆ వంశంలోదే.

ద్వారానికి అటూ ఇటూ జంతువుల జత ఎలాంటి పని చేస్తుందో కళ్లారా చూడాలంటే హైదరాబాద్ కోఠీకి వెళ్లండి. 1803లో మొదలుపెట్టి కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ మెట్లకు రెండు పక్కలా సింహాలు కూర్చుని ఉన్నాయి. అవి శిల్పాలే కానీ సూత్రం అదే. ఒకటుంటే బొమ్మ, రెండుంటే కాపలా.

కావలసినవి

గోడకు: వాల్ పుట్టీ, ప్రైమర్, సన్న రకం గరుకు కాగితం, లేత నీలి-ఆకుపచ్చ మ్యాట్ ఇమల్షన్ అర లీటరు. మెరిసే రకం వద్దు, రాతి భ్రమ పోతుంది.

బొమ్మకు: తెలుపు మ్యాట్ ఇమల్షన్ అర లీటరు, యాక్రిలిక్ ట్యూబులు రెండు. ఒకటి ఎల్లో ఓకర్, రెండోది రా అంబర్. నలుపు ట్యూబు కొననే కొనవద్దు. ఇంట్లో ఉంటే చెయ్యి దానిమీదికే పోతుంది.

కుంచెలు: అంగుళం వెడల్పుది ఒకటి, గుండ్రటివి 4, 8 నంబర్లు, సన్న గీతలకు పొడుగు వెంట్రుకల లైనర్ ఒకటి.

కొలతకు: టేపు, రసమట్టం, గుండుదారం, మాస్కింగ్ టేపు.

గీతకు: పెద్ద ట్రేసింగ్ కాగితం, పెన్సిలు, సూది, పలచటి నూలు గుడ్డ, బొగ్గుపొడి. బొగ్గు దుకాణంలో దొరక్కపోతే శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు గీతకు వాడే చింతపుల్లల బొగ్గును మెత్తగా నూరుకోవచ్చు.

ఇవికాక మూత గట్టిగా పట్టే చిన్న సీసాలు అయిదు, కదలని నిచ్చెన ఒకటి. స్టూలు మీద కుర్చీ వేసి ఎక్కే సాహసాలు వద్దు.

నిచ్చెన భయమైతే ప్లైవుడ్ పలక మీద బల్ల దగ్గరే కూర్చుని వేసి, తర్వాత తలుపు పైన బిగించుకోవచ్చు. ఇదేమీ దొంగదారి కాదు. లండన్ దగ్గరి భవంతి ఆస్టర్లీ పార్క్‌లో 1770లలో రాబర్ట్ ఆడమ్ రూపకల్పన చేసిన ఎట్రస్కన్ గది బొమ్మలు కూడా కాగితం మీద వేసి గోడలకు తెచ్చి అమర్చినవే.

పని మొదలుపెడదాం

1. గోడ చెమ్మ చూద్దాం. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. లోపల నీటిబొట్లు కనిపిస్తే ఆ గోడ ఇంకా తడిగా ఉంది, ఆగాలి. వానాకాలంలో ఇది తప్పనిసరి. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే నెల రోజులు కనీసం ఆగండి.

2. నునుపు చేద్దాం. గుంటలకు పుట్టీ పెట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి ప్రైమర్ వేద్దాం. ప్రైమర్ ఎండాక టార్చిలైటును గోడకు ఆనించి పక్క నుంచి వేసి చూడండి. ఎగుడుదిగుడులు నీడలై బయటపడతాయి. వాటిని ఇప్పుడే సరిచేయాలి. మనం రంగుతో అబద్ధపు నీడలు వేయబోతున్నాం, వాటి మధ్య గోడ సొంత నీడలు ఉండకూడదు.

3. చట్రం గీద్దాం. తలుపు చట్రం మధ్యబిందువు కొలిచి, గుండుదారం వేలాడదీసి నిలువుగీత పెన్సిలుతో పలచగా గీయండి. దాని నుంచి రెండు వైపులా 18 అంగుళాలు. అడుగుగీతను రసమట్టంతో చూసుకోండి. ఇళ్లలో తలుపు చట్రాలు కొన్నిసార్లు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. రసమట్టం ఒకటి చెబుతూ, చట్రం ఇంకోటి చూపిస్తుంటే చట్రం మాటే వినండి. కంటికి పక్కనే కనిపించేది అదే.

4. నేలరంగు వేద్దాం. చట్రం చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, దాని లోపలి అంచు మీద ముందు గోడ పాత రంగునే ఒకసారి పలచగా పూయండి. టేపు కింద సందులుంటే ఆ రంగే పోయి మూసేస్తుంది, పైన వేసే నీలిరంగు పాకదు. తర్వాత నీలి-ఆకుపచ్చ రెండు పూతలు. రెండో పూత కొంచెం తడిగా ఉండగానే టేపును ఏటవాలుగా, నెమ్మదిగా లాగండి. మిగిలిన రంగును ఒక సీసాలో పోసి గట్టిగా మూత పెట్టి దాచండి. రేపు తప్పులు దిద్దేది దీనితోనే. ఒక రోజు ఎండనివ్వండి.

5. కాగితం మీద ఒక్క గ్రిఫిన్ గీద్దాం. రెండు గీయక్కర్లేదు. అంచుకు అంగుళం వదిలేసి, మధ్యలో లైర్‌కు 5 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు ఇద్దాం. లైర్‌కూ గ్రిఫిన్‌కూ మధ్య అంగుళం సందు, ఎత్తిన ముందుకాలు ఒక్కటే దాన్ని దాటుతుంది. కూర్చున్న గ్రిఫిన్ 8 అంగుళాల వెడల్పు, రెక్క కొసతో కలిపి 9 అంగుళాల ఎత్తు. మిగిలిన అయిదున్నర అంగుళాల్లో తోక చుట్టలు తిరిగి, పళ్లపళ్ల అంచులుండే అకాంథస్ ఆకుల తీగగా మారిపోతుంది. ఈ శైలిలో మృగం ఎక్కడ ఆగి ఆకు ఎక్కడ మొదలైందో తెలియకూడదు. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఆ చోటే.

ముందు మూడు కోడిగుడ్డు ఆకారాలు వేయండి. తలకు చిన్నది, ఛాతీకి దానికి రెట్టింపు, పిరుదుకు ఛాతీ అంత. ఛాతీని ముందుకు, పైకి ఎత్తి పెట్టండి. తలను ఛాతీకి దగ్గరగా ఉంచి మెడను మందంగా గీయండి. పొడుగు మెడ పెడితే కోడిపుంజు తయారవుతుంది. రెక్క భుజం దగ్గర పుట్టాలి, వీపు మధ్యలోంచి కాదు. రెక్క కొస తల కంటే కాస్త పైకి ఉండాలి. ముందుకాలు ఒకటి నేల మీద నిటారుగా, రెండోది ఎత్తి లైర్ పాదం మీద ఆనించినట్టుగా. కాలు అలా తాకితేనే కాపలా అర్థమవుతుంది.

6. చిల్లులు పొడుద్దాం. కాగితం కింద దుప్పటి పరిచి, గీత వెంట రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలో సూదితో పొడవండి. తర్వాత కాగితాన్ని తిప్పి, చిల్లుల దగ్గర లేచిన గరుకును గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. ఇది చేయకపోతే చిల్లులు మూసుకుపోతాయి, గోడ మీద చుక్కలు పడవు.

7. గోడకు దించుదాం. బొగ్గుపొడిని నూలు గుడ్డలో మూట కట్టి, గోడకు అంటించిన కాగితం మీద తట్టండి. రుద్దకండి. ఒక మూల ఎత్తి చుక్కలు పడ్డాయో లేదో చూసుకున్నాకే కాగితం తీయండి. రెండో గ్రిఫిన్‌కు అదే కాగితాన్ని తిరగేస్తాం. తిరగేసే ముందు మొదటి వైపు అంటుకున్న బొగ్గును తడి లేని గుడ్డతో పూర్తిగా తుడవాలి, లేదంటే గోడంతా మసి. లైర్‌కు కూడా సగమే గీసి తిరగేస్తే చాలు. చుక్కలను పెన్సిలుతో కలిపి, మిగిలిన పొడిని మెత్తటి కుంచెతో దులిపేయండి. పొడి మిగిలితే తెల్లరంగు బూడిదరంగవుతుంది.

8. నాలుగు ఛాయలు కలుపుదాం. ముందు మధ్యఛాయ: ఒక టీకప్పు తెలుపులో చెంచా ఓకర్, అర చెంచా రా అంబర్. పాత రాయి రంగు వస్తుంది. ట్యూబును బట్టి తేడా ఉంటుంది కాబట్టి కొద్దికొద్దిగా కలపండి. దీన్ని నాలుగు సీసాల్లోకి పంచండి. ఒకటి అలాగే ఉంచి, రెండోదానికి ఇంకాస్త అంబర్ కలిపితే నీడ, మూడోదానికి బాగా అంబర్ కలిపితే ముదురు నీడ, నాలుగోదానికి తెలుపు కలిపితే వెలుగు. ప్రతి రంగునూ ఒక అట్టముక్క మీద పూసి ఆరాక చూడండి. ఈ రంగులు ఆరితే కాస్త ముదురుతాయి.

9. వెలుగు ఎటు నుంచో తేల్చుకుందాం. ఈ అడుగు దగ్గర తొందరపడకండి. గదిలో పెద్ద కిటికీ ఏ వైపు ఉందో, బొమ్మలోనూ వెలుగు ఆ వైపు నుంచే రావాలి. కిటికీ మన ఎడమన ఉందనుకుందాం. ఎడమ గ్రిఫిన్ కుడివైపు చూస్తోంది, కాబట్టి దాని వీపు మీద, రెక్క వెనక అంచు మీద వెలుగు పడుతుంది, ఛాతీ నీడలో ఉంటుంది. కుడి గ్రిఫిన్ ఎడమవైపు చూస్తోంది, దాని ముక్కు, ఛాతీ వెలుగులో ఉంటాయి, వీపు నీడలో. గీతను తిరగేశాం కదా అని నీడను కూడా తిరగేస్తే రెండు మృగాలకు రెండు సూర్యులు తయారవుతారు. చూసేవాళ్లకు తప్పేమిటో తెలియదు, ఏదో అతికించిన బొమ్మలా ఉందని మాత్రం అంటారు. టేపు ముక్క మీద పెద్ద బాణం గీసి చట్రం పక్కన అంటించుకోండి. పని అయ్యేదాకా తీయకండి.

10. రంగు నింపుదాం. ముందు రెండు గ్రిఫిన్లనూ లైర్‌నూ మధ్యఛాయతో చదునుగా నింపండి, రెండు పూతలు. లోపలి గీతలు మూసుకుపోతే కంగారు వద్దు, ఆరాక కాగితం మళ్లీ పెట్టి తట్టవచ్చు. తర్వాత నీడ, ఆ తర్వాత ముదురు నీడ, చివర వెలుగు. ఈ వరుస మార్చవద్దు. ఒక్కో ఛాయను రెండు గ్రిఫిన్లకూ ఒకేసారి వేసుకుంటూ పోవాలి. ఒకదాన్ని పూర్తిచేసి రెండోది మొదలుపెడితే రెండూ వేర్వేరు చేతుల పనిలా వస్తాయి.

ముదురు నీడ చాలా తక్కువ చోట్ల చాలు: రెక్క కింద, దవడ కింద, కాళ్ల మధ్య, ఆకు మడతల్లో. ఈకలు ఒక్కొక్కటీ గీయవద్దు. రెక్కకు మూడు వరుసలు, ఒక్కో వరుసకు అయిదారు గుండ్రటి కొసలు సరిపోతాయి. తలుపు పైనున్న బొమ్మను ఏడెనిమిది అడుగుల దూరం నుంచి చూస్తాం. అంత దూరానికి సన్న ఈకలన్నీ కలిసి మురికిగా కనిపిస్తాయి. కాసేపటికోసారి నిచ్చెన దిగి గది అవతలి గోడ దగ్గరకు వెళ్లి చూడండి.

11. పడినీడ వేద్దాం. బొమ్మ గోడ నుంచి ముందుకు వచ్చినట్టు కనిపించేది దీనివల్లే. రా అంబర్‌ను నీళ్లతో టీ డికాక్షన్ అంత పలచన చేసి, వెలుగుకు ఎదురు దిక్కున, బొమ్మ అంచుకు ఆనుకుని కిందికి వాలుగా అర అంగుళం వెడల్పున నీలి నేల మీద పూయండి. కిటికీ ఎడమనుంటే ఈ నీడ ప్రతి ఆకారానికీ కుడివైపు, కింద పడుతుంది. ఒక్క లాగుడుతో పూయాలి. ఆరుతున్నచోట మళ్లీ కుంచె పెడితే మరకలు కడుతుంది.

12. కన్ను, మెరుపు. తెలుపులో రవ్వంత ఓకర్ కలిపి లైనర్‌తో ముక్కు అంచు, రెక్క పై అంచు, మోకాలు, లైర్ తీగల మీద సన్నగా గీయండి. కంటికి ముదురు నీడతో పైరెప్ప ఒక గీత, దాని కింద చిన్న మెరుపు చుక్క. నల్లగుడ్డు దిద్దితే గ్రిఫిన్ రాయి కాకుండా కార్టూన్ అవుతుంది. రెండు రోజులు ఆరాక మ్యాట్ వార్నిష్ ఒక పూత.

తరచూ జరిగే పొరపాట్లు

జంతువులను కలగాపులగం చేయడం. గ్రిఫిన్ల మధ్య ద్రాక్షగుత్తి, పక్కన డాల్ఫిన్, పైన నెమలి. ఒక్కో బొమ్మ బాగానే ఉంటుంది, గోడ మాత్రం సంతలా ఉంటుంది. ఒక పట్టీకి ఒక దేవత చాలు.

చుట్టూ నల్లగీత గీయడం. రాతి పనిలో గీత ఉండదు, అంచు ఉంటుంది. ఆకారం కనబడటం లేదనిపిస్తే గీత వేయకుండా పడినీడను ఇంకో పూత పెంచండి. నలుపు మీద మోజుంటే ఆస్టర్లీ ఎట్రస్కన్ గది దారి పట్టవచ్చు. లేత నీలి-బూడిద నేల మీద ఇటుకరంగు, నలుపు. అప్పట్లో ఎట్రస్కన్ కుండలనుకున్న గ్రీకు కుండల రంగులవి. అక్కడ బొమ్మలు చదునుగా ఉంటాయి, రాతి నీడలు ఉండవు. రెండు పద్ధతులనూ ఒకే చట్రంలో కలపకూడదు.

మృగం నోరు తెరిపించడం. ఇది భయపెట్టే బొమ్మ కాదు. నోరు మూసి, మెడ నిలబెట్టి, లైర్ వైపు చూస్తుంటే చాలు.

వెలుగుఛాయ ఎక్కువ పూయడం. బొమ్మలో సగానికి పైగా మధ్యఛాయే మిగలాలి. తెల్లబడిందనిపిస్తే తుడవకండి, ఆరనిచ్చి మధ్యఛాయతో కప్పేయండి. అంచులు దాటినచోట దాచిన నేలరంగుతో లోపలికి కోసుకుంటూ రండి. మన చేతిలో ఉన్న రబ్బరు అదే.

గోడను తర్వాత తడి బట్టతో తుడవడం కూడా పొరపాటే. పొడి కుంచెతో దుమ్ము దులిపితే సరిపోతుంది.

గ్రిఫిన్లు కుదిరాక స్ఫింక్స్ వేయాలని మనసు లాగుతుంది. అది ఆడమనిషి ముఖం, సింహం ఒళ్లు, ఈ శైలిలో గ్రిఫిన్ అంత పేరున్నదే. అయితే గద్ద ముక్కు రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా ఎవరూ పట్టుకోరు, మనిషి ముక్కు అరమిల్లీమీటరు తేడా వస్తే ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ పట్టుకుంటారు. తర్వాతి పట్టీకి హంసల జత వేసి చెయ్యి కుదురుకోనివ్వండి. స్ఫింక్స్ జోలికి ఆ తర్వాతే వెళ్లండి.